చిత్రాంగి మనసు మారిన విధము
(మన సంఘపు సభలో చేసిన ప్రసంగము)



విషాదాంత కథలలో వలపు ఒక యౌవనపాత్రను ఎట్లు మార్చునో చెప్పుడని కార్యదర్శిగారు కోరినప్పుడు, మాకు మొదట స్ఫురించినది షేక్స్పియరు మహాకవి జూలియట్ కాదు, మన చిత్రాంగి. చిన్ననాడు నాటకములలో ఆమె రంగముమీదికి వచ్చుటతోనే ముసలమ్మలు మెటికలు విరుచుట మేము చూచియున్నాము. మేమును విరిచినవారమే. ఆ మెటికలను నేడు కొంత ఉపసంహరించుకొనదలచితిమి.

పావగడవారమైన మనకు ఈ కథ దూరపుది కాదు. తెలుగున తొలి విషాదాంత నాటకముగా ఎన్నబడు 'విషాద సారంగధర'ను రచించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853-1912) మన పొరుగున ధర్మవరమున జన్మించి, బళ్ళారిలో వకీలుగా నుండి, అచ్చట సరసవినోదినీ సభను నెలకొల్పి నాటకములాడించినవారు. నాటకము మంగళముగనే ముగియవలెనను సంప్రదాయమును కాదనుటకు ఆ కాలమున ఎంత ధైర్యము కావలెనో ఆలోచింపుడు.

కథ మీరెరిగినదే. రాజమహేంద్రవరమేలు రాజరాజనరేంద్రుని కుమారుడు సారంగధరుడు. రాజు చిన్నభార్య చిత్రాంగి. కుమారుని పావురము ఎగిరి ఆమె మేడపై వాలును. మిత్రుడు సుబుద్ధి వలదన్నను అతడు దానికై లోనికి పోవును. ఆమె తన కోరిక తెలుపును. అతడు తల్లివని మ్రొక్కి తొలగును. ఆమె అతనిపై నేరము మోపును. రాజు విచారింపక కాలుసేతులు నరికించును. 1022లో పట్టాభిషిక్తుడై, నన్నయచే భారతము వ్రాయించిన ఆ రాజునకు చరిత్రలో ఇట్టి కుమారుడు కానరాడు. అతని కుమారుడు రాజేంద్రుడు, 1070లో కులోత్తుంగ చోళుడైనవాడు. ఐనను రాజమహేంద్రవరమున సారంగధర మెట్ట నేటికిని కలదు. చరిత్రకారులు ఏమన్నను లోకము ఆ మెట్టను విడువదు.

కథను తరువాత చెప్పినవారు ఒక ముడి వేసిరి. భానుమతిగారు చిత్రాంగిగా, రామారావుగారు సారంగధరుడుగా నటించిన 1957 నాటి చలనచిత్రమునను ఆ ముడి కలదు. చిత్రాంగికి మొదట చూపినది రాకుమారుని పటము. ఆ పటమును నమ్మి ఆమె మనసిచ్చినది. తీరా భర్తయైనవాడు అతని తండ్రి.

ఇచ్చట కొంచెము నిలిచి చూడుడు. పటము చూచువరకు ఆమె పుట్టినింటి పిల్ల. పెద్దలు కూర్చుండుమన్న చోట కూర్చుండునది. పటము ఆమెకు మొదటిసారి తనదైన ఒక కోరికనిచ్చినది. రాజనగరు చేరిన పిదప ఆమె వరుస మారినది, మనసు మారలేదు. నిన్న వరుడు, నేడు కుమారుడు! తెలుగింటిలో వరుస యనగా గోడవంటిది. ఆ గోడను ఆమె కట్టలేదు. కట్టునప్పుడు ఆమెను ఎవరును అడుగలేదు. పావురము వచ్చిన నాడు ఆమె అతనితో ఉన్నమాట చెప్పినది. ఆ మేడలో అంతవరకు ఎవరును అంత నిజము పలుకలేదని మా అభిప్రాయము. అతడు 'అమ్మా' యనెను. అతడన్నది ధర్మమే, దానిలో తప్పు పట్టుటకు మాకు నోరు రాదు. కాని ఆ ఒక్క పిలుపుతో ఆమెకు పోవుటకు దారి లేకపోయినది. అటుపిమ్మటనే అబద్ధము. తన్ను మోసగించినవారి విద్యను ఆమె వారి యింటనే నేర్చినది. నిరపరాధి కాలుసేతులు పోయినవి కనుక ఆమెను నిర్దోషి యనుట లేదు. చెడినది వలచినప్పుడు కాదు, ఆ తిరస్కారము తరువాత అని మాత్రమే మా మనవి.

మన కన్నడ సోదరులకును ఇట్టి కథ కలదు. కంపిలి కుమారరాముని చెండు పినతల్లి రత్నాజి యింట పడుటతో ఆ కథ మలుపు తిరుగును. అచ్చట మంత్రి బైచప్ప రాముని దాచి రక్షించెను. సారంగధరునికి అట్టి మంత్రి దొరకలేదు. క్రీస్తుపూర్వము 428లో యూరిపిడీస్ అను గ్రీకు కవి ప్రదర్శింపించిన నాటకమున ఫేద్ర సవతి కుమారుని వలచును. ఆ వలపు ఒక దేవత పెట్టిన శాపము. మనవారు దేవతను తీసివేసి, మనుష్యుల చేతిలోని పటమును పెట్టిరి. ఇది మాకు ఎక్కువ భయము గొలుపును.

ఏలయన పటములు మన ఇండ్లలోను తిరుగుచునే యున్నవి. ఇప్పుడు ఫోనులో వచ్చును. ఒక అబ్బాయి ఛాయాచిత్రము చూపి, మాటలు కుదరకపోగానే వేరొకరిని నిశ్చయించి, మారుమాటాడకుమను పెద్దలు మనలోను కలరు. మా ఇంటనే ఒక పిల్ల విషయమున అట్లు జరిగినది. ఆమె ఏమియు అనలేదు. ఆ మౌనమును మేము అంగీకారమనుకొంటిమి. పదియేండ్లకు ఆమె పాత పుస్తకముల నడుమ ఆ మొదటి ఛాయాచిత్రము కనబడినది. దానిని మరల అచ్చటనే పెట్టివచ్చితిమి.

పాత నాటకపు ప్రతులు ఇండ్లలో ఉన్నవారు వచ్చు సభకు తెచ్చినచో, చిత్రాంగి మాటలను మన ఆడపిల్లలచేతనే చదివింపవచ్చును.