కాళ్ళవాపు మామూలేనా?

(మహిళా ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కడుపుతో ఉన్న స్త్రీకి బి.పి. పెరిగితే మన ఇళ్ళల్లో తప్పు ఆమెదే. ఉప్పు తిన్నదంటారు, పచ్చళ్ళు మానలేదంటారు, ఊరికే దిగులు పడుతోందంటారు. నా అభ్యంతరం ఇక్కడే. ప్రీఎక్లాంప్సియా అనే ఈ జబ్బు ఉప్పు దగ్గర కాదు, మాయ దగ్గర మొదలవుతుంది.

మామూలుగా మాయలోని కణాలు గర్భసంచి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి వాటి కండర గోడల్ని కరిగించేస్తాయి. సన్నటి నాళాలు కాలవల్లా వెడల్పయి బిడ్డకు ధారాళంగా రక్తం అందుతుంది. కొందరిలో ఈ పని సగంలో ఆగిపోతుంది. రక్తం చాలని మాయ ఒక ప్రొటీన్‌ను తల్లి రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. రక్తనాళాల లోపలి పొరను కాపాడే పదార్థాలను అది పట్టి బంధిస్తుంది. 2003లో అమెరికాలో డాక్టర్ అనంత్ కరుమంచి బృందం ఈ సంగతి బయటపెట్టింది. పూర్వం డాక్టర్లు దీన్ని టాక్సీమియా అనేవారు, అంటే రక్తంలో విషం చేరిందని. ఆ ఊహ మరీ తప్పేం కాదన్నమాట!

లోపలి పొర దెబ్బతింటే నాళాలు బిగుసుకుంటాయి, బి.పి. 140/90కి చేరుతుంది, దాటుతుంది. నాళాల్లోంచి నీరు ఊరి మొహం, చేతులు ఉబ్బుతాయి. మూత్రంలో ప్రొటీన్ పోతుంది. కాలేయానికి తగిలితే కుడి పక్కటెముకల కింద నొప్పి. మెదడుకి తగిలితే తలనొప్పి, చూపు మసక, చివరికి ఫిట్స్. మనవాళ్ళు గుర్రపువాతం అనేది దాన్నే. వాపు లేకుండా కూడా ఈ జబ్బు రావచ్చు. అందుకే, ముఖ్యంగా 20 వారాలు నిండాక, వెళ్ళిన ప్రతిసారీ బి.పి. చూడాలి, మూత్రం పరీక్షించాలి. “అంతా బాగానే ఉందమ్మా” అంటే చాలదు. అంకె ఎంతో అడగండి, కార్డులో రాయించుకోండి.

మందు ఖరీదైంది కాదు. మెగ్నీషియం సల్ఫేట్ ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 33 దేశాల్లో పదివేలమంది స్త్రీలతో జరిగిన మాగ్‌పై అధ్యయనం 2002లో తేల్చింది. ఫిట్స్ వచ్చిన గర్భిణికి మొదటి మోతాదు ఏ.ఎన్.ఎం. ఇవ్వవచ్చని మన ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. “పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి” అన్నప్పుడు, ఆ ఇంజక్షన్ ఇచ్చారా అని అడిగే హక్కు మనకుంది.

కాన్పుతో ముప్పు తీరిపోదు. మాయ బయటపడినా నాళాలు కోలుకోవడానికి రోజులు, వారాలు పడుతుంది. పురిటి తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. అప్పటికి ఇంట్లో అందరి కళ్ళూ బిడ్డ మీదే! తర్వాతి ఏళ్ళలో ఆ తల్లికి గుండెజబ్బు వచ్చే అవకాశం మిగతావారికన్నా సుమారు రెట్టింపు. ఏటా బి.పి. చూపించుకోమని రాసిన డిశ్చార్జి కాగితం ఇంతవరకు నా కంటబడలేదు. మీలో ఎవరికైనా దొరికితే తెచ్చి చూపించండి.