ఓడలో నిద్ర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

పొద్దున్న గేటు దగ్గర ఒక కుర్రాడు ఆపి, "అంకుల్, మర్చంట్ నేవీలో జీతం ఎంతొస్తుంది?" అన్నాడు. చెప్పాను. నిద్ర ఎంతుంటుందని మాత్రం ఎవరూ అడగరు. ఆ వయసులో నేనూ అడగలేదు.

ఊళ్లు చూడొచ్చనుకుంటారు. కంటైనర్ ఓడ ఒక రోజులో సరుకు దించి, ఎక్కించుకుని పోతుంది. ఇంధనం నింపడం, మరమ్మతులు, తనిఖీలు అన్నీ ఆ రోజే. సింగపూర్ ఎన్నోసార్లు వెళ్లాను, చూసింది క్రేన్లు. ఇంజన్ రూమ్‌లో 40 డిగ్రీలు దాటిన వేడి, పక్కవాడితో సైగలే.

చట్టం మంచిదే ఉంది. 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. దాన్ని రెండు ముక్కలకు మించి చెయ్యకూడదు, అందులో ఒకటి 6 గంటలకు తగ్గకూడదు. మన దేశమూ 2015లో ఒప్పుకుంది. ప్రతి ఒక్కరికీ ఒక పట్టీ, దాని మీద సంతకాలు.

నేను చీఫ్ ఇంజనీరుగా ఉన్న ఓడలో శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు ఆయిలర్. రేవులో పని, బయటికొచ్చాక జనరేటర్ మరమ్మతు. రోజున్నరలో వాడు పడుకున్నది మూడు గంటలు. పట్టీలో పది అని రాసుంది. అందరం అలాగే రాసేవాళ్లం. తెల్లవారుజామున నిచ్చెన మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. విచారణకొచ్చినవాళ్లు పట్టీ చూసి, "విశ్రాంతి సరిపోయింది, అజాగ్రత్త" అని రాసుకెళ్లారు. కింద సంతకం నాది. ఈ బడిలో లెక్క తప్పితే బెత్తం దెబ్బ తిన్నవాణ్ణి, అక్కడ తెలిసి తప్పు లెక్క రాశాను.

"పర్వాలేదు సార్, మీరేం చేస్తారు" అన్నాడు వాడు. ఆ మాటే నాకు ఎక్కువ బాధ.

తర్వాత ఎక్కిన ఓడల్లో నిజం గంటలే రాయించాను. ఆఫీసు నుంచి ఫోన్లొచ్చాయి, "సరిచేసి పంపండి" అని. సరిచెయ్యలేదు. ఒక కాంట్రాక్టు పోయింది. కానీ ఇంకో ఓడలో ఒక మనిషిని అదనంగా ఇచ్చారు. నా సర్వీసులో నేను గర్వంగా చెప్పుకునేది ఆ ఒక్క మనిషి గురించే.

ఆ కుర్రాడు మళ్లీ ఓడ ఎక్కలేదు. చెయ్యి పూర్తిగా తిరగదు. ఫోన్ చేస్తే ఇప్పటికీ సార్ అనే అంటాడు.

గేటు దగ్గర అడిగిన బాబూ, టీల దగ్గర ఉంటాను, రా. ఆ పట్టీ ఎలా ఉంటుందో గీసి చూపిస్తాను.