కథ చెప్పేది ఎవరు?

మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలో, సీతానగరం దగ్గర, అడవిలో భీముని పాదం అనే జలపాతమున్నది. పదునాలుగేండ్ల బాలుడొకడు మొదటిసారి అక్కడికి వెళ్ళినాడనుకుందాం. ఆ సంగతిని మూడు విధాలుగా చెప్పవచ్చును.

"ముందుగాల చప్పుడు వినబడ్డది. నీళ్ళు యాడున్నయో తెల్వలే. భయమైంది గని, అన్నకు చెప్పలే" అని బాలుడే చెప్పవచ్చును. "ఆనాడు నేను దాచుకొన్న భయం అన్నకు తెలిసే ఉండునని ఇప్పుడు తోస్తున్నది" అని అతడే నలుబది యేండ్ల తరువాత చెప్పవచ్చును. లేదా, "బాలుని అడుగులు తడబడినవి, అన్న చూచి, చూడనట్లు నడిచినాడు" అని రచయిత వెలుపల నిలిచి చెప్పవచ్చును. జలపాతం ఒక్కటే, బాలుడూ ఒక్కడే. కథలు మాత్రం మూడు.

కౌమార వయస్కులకై రచన చేసేవారు తరచుగా ఉత్తమ పురుషను ఆశ్రయిస్తారు. "నేను" అనగానే పాఠకుడు దగ్గరవుతాడని వారి నమ్మకం. కాని పై మూడింటిలో మొదటి రెండూ "నేను" అన్నవే గదా! వాటి మధ్య భేదం సర్వనామంలో లేదు. చెప్పేవానికి ఎంత తెలుసు అన్నదానిలో ఉన్నది. పదునాలుగేండ్ల నోట నలుబదియేండ్ల వివేకం పలికించితే, పెద్దలు మెచ్చుకొనవచ్చునేమో గాని, ఆ వయసు పాఠకుడు ఆ మోసాన్ని వెంటనే పసిగడతాడు.

మార్క్ ట్వేన్ 1876లో ప్రకటించిన టామ్ సాయర్ కథను ప్రథమ పురుషలో చెప్పినాడు. రచయిత పిల్లల వెనుక నిలిచి నవ్వుతూ ఉంటాడు. 1884లో వెలువడిన హకల్‌బెరీ ఫిన్ కథలో ఆయన తప్పుకొని, హక్ చేతికే కథ నిచ్చినాడు. ఈ రెండింటినీ నండూరి రామమోహనరావు గారు తెలుగు చేసినారు. బానిసయైన జిమ్ పారిపోవుటకు తోడ్పడటం మహాపాపమని హక్ నిజంగానే నమ్ముతాడు. నరకానికి పోయినా సరే, స్నేహితుని విడువనని నిశ్చయించుకొంటాడు. అతడు చేసినది ధర్మమని అతనికి తెలియదు, చదివేవానికి తెలుస్తుంది. రచయిత నడుమ వచ్చి వివరించినచో ఆ తీర్పు చెప్పే భాగ్యం పాఠకునికి దక్కేది కాదు.

అట్లని ప్రథమ పురుష తక్కువదనరాదు. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో తన బాల్యాన్నే గ్రంథంగా వెలువరించినది. తెలుగులో అది "రైలుబడి". తన కథే అయినను "నేను" అనక, తొత్తోచాన్ అనే పాపగా తనను ఎదుట నిలుపుకొన్నది. తొలి బడి వారు తనను వెళ్ళగొట్టిన ఘట్టంలో ఫిర్యాదు ధ్వనించకపోవడానికి ఆ ఎడమే కారణమని నా అభిప్రాయం.

ఇక మన ప్రాంతం. ఈ జిల్లాలోని చినగూడూరులోనే దాశరథి కృష్ణమాచార్యులు 1925లోను, రంగాచార్యులు 1928లోను జన్మించినారు. రంగాచార్యుల "జీవనయానం" పెద్దవయసున వెనుదిరిగి చూచిన చూపు. అనగా మన రెండవ విధం. దాని విలువ దానిదే. మొదటి విధం, ఆ వయసులో ఉండగానే, ఇంటి మాటలో చెప్పే గొంతు, మనకు అరుదు. గూడూరు ప్రాంతపు తండా పిల్లవాడు ఇంట గోర్‌బోలీ మాట్లాడి, బడిలో గ్రంథభాష చదువుతాడు. పుస్తకంలో తనవంటివాడు కనబడినప్పుడెల్ల "వాడు" గానే కనబడితే, తాను చూడబడేవాడినే గాని చూచేవాడిని కానని అతడు నేర్చుకొంటాడు. ఏ పాఠంలోను లేని ఈ పాఠం మనసులో గట్టిగా నాటుకొంటుంది.

కావున రచయితలకు నా మనవి ఒక్కటే. వ్రాసిన ప్రతి వాక్యం దగ్గర ఆగి, "ఈ మాట ఈ పిల్లకు ఈనాటికి తెలుసునా?" అని ప్రశ్నించుకొనండి. తెలియనిదైతే కొట్టివేయండి, లేదా చెప్పేవారిని మార్చండి. ఉపాధ్యాయులు ఒక సంఘటన నిచ్చి, పిల్లలచేత దానిని మూడు విధాల వ్రాయించవచ్చును. మొదటిదానిని మాత్రం వారి ఇంటి మాటలోనే వ్రాయనీయండి, దిద్దవద్దు. ముందు విందాం.