చక్రం తిరుగుతూనే ఉంది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



“నువ్వు చేసే సాఫ్ట్‌వేర్ పనేమిటో మాకూ అర్థమయ్యేలా ఐదు నిమిషాల్లో చెప్పు” అని లెక్కల మాస్టారు పురమాయించారు. ఆయన మాట ఎనిమిదో తరగతిలోనే కాదనలేకపోయాను, ఇప్పుడేం కాదంటాను! అందుకే నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

కొన్నేళ్ల కిందట, ఊళ్లలో తిరిగే ఏఎన్ఎంల కోసం ట్యాబ్‌లో వాడే యాప్ ఒకటి రాశాను. బిడ్డకు టీకా వేశాక వివరాలు ఎక్కించాలి. హైదరాబాద్ ఆఫీసులో రెప్పపాటులో అయిపోయేది. నెల తిరక్కుండానే రంపచోడవరం వైపు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. “బాబూ, మీ చక్రం తిరుగుతానే ఉంటంది. పిల్లల్నెత్తుకుని తల్లులు ఎండలో నిలబడుతున్నారు. నోటుబుక్కులో రాసుకుని, రాత్రిపూట డాబా మీదికెళ్లి ఎక్కిస్తన్నాను.”

వెళ్లి చూశాను. అక్కడున్నది 2జీ. ఒక మాట సర్వర్‌కు వెళ్లి జవాబు రావడానికే అర సెకను. కొత్తగా కనెక్షన్ కలపాలంటే టీసీపీ పలకరింపుకు ఒక రాకపోక, టీఎల్ఎస్ 1.2 భద్రతకు రెండు, ఆ తర్వాత అసలు పనికి ఒకటి. మొత్తం నాలుగు. ఒక్క బిడ్డ వివరాలకు నా యాప్ 12 రిక్వెస్టులు ఒకదాని వెంట ఒకటి పంపేది, ప్రతిదానికీ కొత్త కనెక్షన్. మాస్టారూ, సరిచూడండి: 48 రాకపోకలు, 24 సెకన్లు.

కలిపిన కనెక్షన్‌నే మళ్లీ వాడుకోవడం కొత్త విద్య కాదు. 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1లోనే అది మామూలు పద్ధతి. నేనే ప్రతిసారీ కొత్త క్లయింట్ ఆబ్జెక్టు తయారుచేసి ఆ సౌకర్యాన్ని చేజేతులా పారేసుకున్నాను. ఒక్క ఆబ్జెక్టునే ఉంచితే 15 రాకపోకలయ్యాయి. 12 రిక్వెస్టులనూ ఒకే మూట కడితే నాలుగే, అంటే రెండు సెకన్లు.

ఇక నిద్రపోవచ్చనుకున్నాను. ఒకరోజు సర్వర్ కాసేపు ఆగింది. లేవగానే ట్యాబ్‌లన్నీ ఒక్కసారే తలుపు తట్టాయి, మళ్లీ పడిపోయింది. ఇంటర్వెల్ గంట కొట్టగానే బడి మొత్తం ఒక్క కుళాయి మీద పడేవాళ్లం, గుర్తుందా? డ్రిల్లు మాస్టారు తరగతి తర్వాత తరగతిని వదిలేవారు. నేనూ అదే చేశాను. విఫలమైన ప్రతిసారీ ట్యాబ్ ఇంకొంచెం ఎక్కువసేపు ఆగుతుంది. ఎంతసేపన్నది ఒక్కో ట్యాబ్‌కు ఒక్కోలా, చీటీ తీసినట్టు.

ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది. మెచ్చుకోవడానికనుకున్నాను. బ్యాటరీ సాయంత్రం దాకా వస్తోందట. “అక్షరాలు మాత్రం మరీ చిన్నవి బాబూ” అంది.