అట్టమీద లేని పేరు

పాటలో బేస్ గిటార్ ఆగిపోయినప్పుడే అది అంతవరకూ ఉందని మనకు తెలుస్తుంది. 1963లో లాస్ ఏంజెలెస్‌లోని క్యాపిటల్ రికార్డ్స్ స్టూడియోకు బేస్ వాయించాల్సిన మనిషి రాలేదు. అక్కడే ఉన్న గిటారిస్టు కెరోల్ కే ఆ వాద్యం అందుకున్నారు. ఆమె దారి మారింది. నెలజీతం లేదు, సొంత బృందం లేదు. పిలిచిన స్టూడియోకల్లా వెళ్లడం, యూనియన్ రేటు ప్రకారం డబ్బు తీసుకోవడం. పాప్ పాటలు, సినిమాలు, టీవీ, ఏదైనా సరే. బీచ్ బాయ్స్ 1966 ఆల్బం ‘పెట్ సౌండ్స్’లో చాలా పాటలకు బేస్ ఆమెదే. అట్టమీద మాత్రం పేరు లేదు; అప్పట్లో స్టూడియో కళాకారులందరిదీ అదే గతి లెండి. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఎంపిక చేస్తే వద్దన్నారు. స్టూడియో కళాకారులు చేసిన పనికి ఆ గౌరవం అద్దం పట్టదని ఆమె కారణం చెప్పారు.