మొదటిసారి ఊరు మేమే ఎంచుకున్నాం



మన తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా మొదటి ప్రశ్న "ఏ ఊరండీ మీది?" అనే. దానికి జవాబు చెప్పాలంటే నాకెప్పుడూ తడబాటే. మా నాన్నగారిది బ్యాంకు ఉద్యోగం. తుని, తణుకు, సామర్లకోట... ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తే ట్రంకుపెట్టెలు సర్దుకోవడమే. ఇంజనీరింగుకి కాకినాడ ఎంసెట్ ర్యాంకు ఇచ్చింది. అమెరికాలో మొదటి ఊరు కన్సల్టింగ్ కంపెనీ ఇచ్చింది, రెండోది క్లయింటు ఇచ్చాడు, మూడోది సన్నీవేల్. అక్కడ గ్రీన్ కార్డు ఫైలు పదేళ్ళు కట్టి పడేసింది. నలభై రెండేళ్ళు వచ్చేవరకు ఏ ఊరినీ నేను ఎంచుకోలేదు.

2022లో గ్రీన్ కార్డు వచ్చింది. 2020 నుంచి పని ఇంటినుంచే. ఉంటున్నది రెండు గదుల అద్దె అపార్ట్‌మెంటు. ఒక రాత్రి మా ఆవిడ అడిగింది, "ఇప్పుడు మీకు ఎక్కడ ఉండాలనుంది?" అని. నా దగ్గర జవాబు లేదు. జవాబు తెలియనప్పుడు ఇంజనీరు చేసేది ఒకటే. ఎక్సెల్ తెరిచాను.

ఆస్టిన్, కొలంబస్, పిట్స్‌బర్గ్, రాలీ. మరీ మహానగరాలు కావు, మరీ చిన్న ఊళ్ళూ కావు. ఇళ్ళ ధరలు, పన్నులు, బళ్ళు, గుడి, వాతావరణం... ఒక్కొక్కదానికీ మార్కులు. ఆస్టిన్ నెగ్గింది. మా ఆవిడ షీటు చూసి, "మీ రూమ్మేట్లిద్దరూ అక్కడే ఉన్నారుగా! మీకు నచ్చిన ఊరికి మార్కులేసుకుని, అదే నెగ్గిందంటున్నారు" అంది. నిజమే. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదని పది మార్కులు వేశాను. ప్రాపర్టీ టాక్స్ ఇంటి విలువలో ఏటా సుమారు రెండు శాతం ఉంటుందన్నది కాలమ్‌లోనే పెట్టలేదు. నార్త్ కరోలినాలో ఇన్‌కమ్ టాక్స్ ఉంది, ప్రాపర్టీ టాక్స్ తక్కువ. పెన్సిల్వేనియాలో స్టేట్ టాక్స్ 3.07 శాతమే, కానీ ఊరి పన్ను వేరే. రెండూ కలిపి లెక్కేస్తే గానీ అసలు సంగతి తేలదు.

పిట్స్‌బర్గ్ మీద నాకు మక్కువ. పెన్ హిల్స్‌లోని శ్రీ వేంకటేశ్వరాలయం 1976 నాటిది. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల్లో ఆ గుడి మెట్లెక్కనివి అరుదు. కానీ ఆ ఊరి చరిత్ర ఇంకో పాఠం కూడా చెబుతుంది. 1950లో అక్కడి జనాభా ఆరు లక్షల డెబ్భై వేల పైచిలుకు. 2020లో మూడు లక్షలు. ఉక్కు మిల్లులు మూతపడి ఊరు ఖాళీ అయింది. ఆసుపత్రులు, యూనివర్సిటీలు మళ్ళీ నిలబెట్టాయి. అప్పుడు షీటులో కొత్త కాలమ్ చేర్చాను: "ఈ ఉద్యోగం పోతే, ఇల్లు మారకుండా రెండోది దొరుకుతుందా?" ఇంటినుంచి పని చేసేవాళ్ళకి ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఊరు మారితే జీతం తగ్గించే కంపెనీలున్నాయి. నాకూ తగ్గింది. ఆ తగ్గిన జీతంతోనే లెక్క వేసుకోండి.

గ్రీన్ కార్డు కోసం ఇంకా ఎదురుచూస్తున్న తమ్ముళ్ళకి ఒక మాట. నేను లాయర్ని కాను, మీ లాయర్ని తప్పకుండా అడగండి. మీ లేబర్ సర్టిఫికేషన్ ఒక ప్రాంతానికి కట్టుబడి ఉంటుంది. వేరే ఊరికి మారితే చాలాసార్లు ఆ ప్రాసెస్ మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తుంది. ఐ-140 అప్రూవ్ అయి ఉంటే పాత ప్రయారిటీ డేట్ మామూలుగా నిలుస్తుంది. ఇల్లు కొన్నాక కాదు, కొనకముందే కనుక్కోండి.

ఇక అసలు కష్టం చెబుతాను. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో గ్రేడు. నా షీటులో "స్నేహితులు" అన్న కాలమ్ లేదు. భోజనం దగ్గర పళ్ళెం పక్కకి నెట్టి, "నువ్వు గ్రీన్ కార్డు కోసం పదేళ్ళు ఆగావు. నా కోసం నాలుగేళ్ళు ఆగలేవా డాడీ?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు తణుకులో లారీ ఎక్కేటప్పుడు నాన్నగారిని నేను అడగలేకపోయిన ప్రశ్న అదే.

ఆగలేదు. కానీ చివరి నిర్ణయం తన చేతిలో పెట్టాం. మిగిలింది కొలంబస్, రాలీ. రెండు ఊళ్ళకీ ఫిబ్రవరిలో వెళ్ళాం, ఎందుకంటే ఏప్రిల్‌లో ఏ ఊరైనా అందంగానే ఉంటుంది. హోటల్లో కూర్చోకుండా, పనిరోజు సాయంత్రం లైబ్రరీకి, కిరాణా కొట్టుకి, బడి వదిలే వేళ ట్రాఫిక్‌లోకి వెళ్ళాం. అమ్మాయి రాలీ పక్కనున్న కేరీ అంది. హైస్కూల్ మొదలవకముందే, 2023 జూన్‌లో మారాం.

అన్నీ కలిసొచ్చాయని అనను. అక్కడ ఊరు వేగంగా పెరగడంతో కొన్ని బళ్ళలో కొత్తవాళ్ళకి చోటుండదు. ఇంటి దగ్గర బడే వస్తుందని అనుకోకుండా, ఆ అడ్రస్‌తో ముందే విచారించండి. ఇండియాకి నేరుగా విమానం లేదు. డెబ్భై దాటిన మా అమ్మ వీల్‌చెయిర్ పెట్టించుకుని మధ్యలో మారి వచ్చింది. అయితే కాలిఫోర్నియాలో ఉన్న ఆర్నెల్లూ "కారు లేకపోతే కాళ్ళు లేనట్టేరా" అన్న మా అమ్మ, ఇక్కడ పొద్దున్నే గ్రీన్‌వే మీద నడిచి, గుంటూరావిడనీ కరీంనగరావిడనీ స్నేహం చేసుకుంది. గుడి కారులో పావుగంట. ఇవేవీ నా షీటులో లేవు.

అమ్మాయి నన్ను పూర్తిగా క్షమించిందో లేదో తెలియదు. పాత స్నేహితురాళ్ళతో ఇప్పటికీ రాత్రిళ్ళు మాట్లాడుతుంది. అక్కడికీ ఇక్కడికీ మూడు గంటల తేడా కాబట్టి ఆలస్యంగా పడుకుంటుంది. నేనేమీ అనను.

లెక్కలు వేసుకోండి, తప్పు లేదు. కాని షీటు తెరవకముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, "ఇక్కడ మీరు వదులుకోలేనిది ఏమిటి?" అని అడగండి. నేను ఆ ప్రశ్న చివర్లో అడిగాను. మీరు మొదట్లో అడుగుతారని ఆశిస్తున్నాను.