దీపస్తంభంలో విడిది



కామత్‌ఘర్‌లో రాత్రి షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరే నేత కార్మికునికి సెలవంటే ఊరికి పోయే నాలుగు రోజులే. పెండ్లికో, పండుగకో, చావుకో సిరిసిల్ల వైపో నల్లగొండ వైపో రైలెక్కితే అదే సెలవు. కేవలం విశ్రమించడానికి ఒక చోటికి పోవడం ధనికుల వేడుకగానే తోస్తుంది. సముద్రతీర దీపస్తంభాల చరిత్ర ఈ తలంపును మార్చగలదు.

ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న లిజార్డ్ దీపస్తంభం చెంత కాపరుల ఇండ్లను నేడు విహారయాత్రికులకు అద్దెకిస్తున్నారు. కిటికీ తెరిస్తే కడలి, రాత్రియైతే తిరిగే వెలుగు. అయితే ఆ గదులు వెలసినది రాత్రంతా మేలుకొనే పనివారి కోసం. వత్తులు కత్తిరించడం, నూనె పోయడం, కటకాలు తుడవడం, దీపాన్ని తిప్పే యంత్రానికి బరువులెత్తి కీలు తిప్పడం వారి విధులు. ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క మెరుపుల లెక్క ఉంటుంది. ఆ లెక్క తప్పితే నావికుడు తీరాన్ని పొరబడతాడు. సాంచాపై ఏ పోగు తెగునో అని రెప్పవాల్చక చూసే కన్నుకూ, ఆ కాపరి కన్నుకూ భేదం లేదు.

వేల్స్ తీరానికి దూరంగా, నడిసముద్రపు రాతిపై స్మాల్స్ అనే దీపస్తంభం ఉంది. 1801 ప్రాంతంలో అక్కడ ఇద్దరే కాపరులు. వారిలో ఒకడు మరణించాడు. శవాన్ని కడలిలో విడిస్తే హత్యానేరం మోపుతారేమోనని భయపడి, రెండవవాడు దానిని పెట్టెలో ఉంచి వెలుపల కట్టాడు. తుఫానుల వల్ల పడవ రాలేదు. వారాల తరబడి అతడొక్కడే దీపం ఆరనీయలేదు. ఒడ్డు చేరినాడు మిత్రులు సైతం అతనిని గుర్తించలేకపోయారని చెబుతారు. ఆ పిమ్మట ముగ్గురు కాపరులు ఉండాలన్న నియమం ఏర్పడింది. దీపానికి నూనె ఎంత అవసరమో, కాపరికి విరామమూ అంతే అవసరమని ఆ ఘటన నేర్పింది.

స్వయంచాలక యంత్రాల రాకతో 1998 నాటికి బ్రిటన్‌లో కాపరుల కొలువు ముగిసింది. ఖాళీ అయిన ఇండ్లు కొన్ని విడుదులైనవి.

భారతదేశంలోనూ 2024 ఫిబ్రవరిలో 75 దీపస్తంభాలను పర్యాటక వసతులతో జాతికి అంకితం చేశారు. ముంబయికి దక్షిణాన, థల్ తీరానికి ఎదురుగా ఖాందేరి ద్వీపం ఉంది. శివాజీ 1679లో అక్కడ కోట నిర్మాణం ఆరంభింపజేశాడు. 1867 నాటి దీపస్తంభం ఆ కోటలోనే ఉంది. 2025లో ఆ కోట యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దీపస్తంభాలన్నింటా రాత్రి బస లభించదు. ప్రవేశ వేళలు, అనుమతి, పడవ, తిరుగు ప్రయాణం ముందే విచారించుకోవాలి. వానాకాలపు కడలిని నమ్మరాదు.

అంత దూరం పోలేని కుటుంబానికి వరాళదేవి చెరువు గట్టున ఒక సాయంత్రమైనా విశ్రాంతియే. కాని ఆ సాయంత్రం చేతికందాలంటే షిఫ్టు మార్చుకొనే మనిషి వేళకు రావాలి. అతడు రానినాడు రెండవ షిఫ్టునూ తానే నడిపే కార్మికుడు స్మాల్స్ కాపరి వంటివాడే. అతనికి ఆ మూడవ కాపరిని ఎవరు సమకూర్చాలి? యజమానులు, కార్మికులు, కుటుంబాలు కలసి కూర్చుండి తేల్చవలసిన విషయమిది.